కొనబోతే కొరివి: చైనా బజారులో బేరం – ఒక పరిశీలన

బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థిని

"అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి" అని మన పెద్దలు ఊరకే అనలేదు. పండించినవాడు సంతకు మోసుకుపోతే సరుకుకు ధర ఉండదు. అదే సరుకు కొనడానికి పోతే చెయ్యి కాలుతుంది. రైతు కుటుంబాల్లో పుట్టిన మాబోటి వాళ్ళకు ఈ సామెతను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే దీని వెనుక కొంత శాస్త్రం కూడా ఉంది. దాన్ని తెలుసుకోవడానికి మన సంత కంటే, మనకేమాత్రం పరిచయం లేని సంత ఒకటి తీసుకుంటే మేలనిపించింది. అలవాటైన చోట కంటికి ఆనని సంగతులు కొత్త చోట కొట్టొచ్చినట్టు కనబడతాయి గదా! అందుకని చైనా రాజధాని బీజింగ్ నగరంలోని బజార్లను ఎంచుకున్నాను.

నేను చైనా చూడలేదు. మా పెద్దమ్మ కొడుకు అక్కడ వైద్యవిద్య చదువుతున్నాడు. తెలుగు ప్రాంతాల నుంచి అలా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. సెలవుల్లో వీపున సంచి తగిలించుకుని, చౌక బసల్లో దిగుతూ, రైళ్ళలో ఊళ్ళు తిరిగిన అన్నయ్య చెప్పిన విషయాలకు నేను చదివినవి చేర్చి ఈ వ్యాసం రాస్తున్నాను.

బజారు స్వరూపం

బీజింగ్‌లో విదేశీ రాయబార కార్యాలయాలున్న పేటకు దగ్గరగా, 1980 దశకంలో ఒక ఇరుకు సందులో బట్టల అంగళ్ళు వెలిశాయి. దానికే సిల్కు వీధి అని పేరు వచ్చింది. 2005 జనవరిలో ఆ సందు బజారును మూసివేసి, అదే ఏడు మార్చిలో పక్కనే అనేక అంతస్తుల భవనం తెరిచారు. యుంగాన్‌లి అనే భూగర్భ రైలు స్టేషనులో దిగితే బజారు ఎదురుగానే ఉంటుంది. ముత్యాలకైతే హోంగ్‌చియావ్ బజారుకు పోవాలి. అది స్వర్గాలయం అనే ప్రాచీన కట్టడానికి తూర్పు ద్వారం దగ్గర ఉంది. పాత వస్తువులకు, పాతవని చెప్పే కొత్త వస్తువులకు పాన్‌జ్యాయువాన్ ప్రసిద్ధి. శని, ఆదివారాల్లో అక్కడ ఇసుక వేస్తే రాలదట. వీపుసంచిని ముందుకు తిప్పి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పొట్టమీద పట్టుకుని నడవాలని అన్నయ్య అనుభవం.

ఇటువంటి చోట ధర రాసిన చీటీ సాధారణంగా ఉండదు, ఉన్నా నమ్మరాదు. భాష రాకపోయినా ఇబ్బంది లేదు. అమ్మే అమ్మాయి లెక్కలయంత్రం తీసి ఒక అంకె నొక్కి చూపుతుంది. "మీరెంత ఇస్తారు?" అన్నట్టు దాన్ని మన చేతిలో పెడుతుంది. నిజానికి మనం ఏ అంకె నొక్కబోతామన్నది ఆమె నొక్కిన అంకెతోనే సగం నిర్ణయమైపోయింది. అదెట్లాగో చూద్దాం.

మొదటి అంకె బలం

ట్వర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. అంకెలున్న ఒక చక్రాన్ని తిప్పుతారు. అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేటట్టు ముందే అమర్చారు. తరువాత, "ఐక్యరాజ్యసమితిలోని దేశాలలో ఆఫ్రికా దేశాలు నూటికి ఎన్ని?" అని అడిగారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్ళ అంచనాలలో నడిమిది 25, 65 దగ్గర ఆగినవాళ్ళలో 45. చక్రానికీ ఆఫ్రికాకూ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. అయినా మొదట విన్న అంకె బుద్ధికి గుంజలా పనిచేస్తుంది. తాడు ఎంత పొడుగైనా ఆవు ఆ గుంజ చుట్టే తిరుగుతుంది.

ఇంతకంటే లోతైన సంగతి ఇంకొకటి ఉంది. ఎకర్లాఫ్ అనే అర్థశాస్త్రవేత్త 1970లో పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. సరుకు మంచిచెడ్డలు అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకపోతే ఆ బజారు ఎలా చెడుతుందో అందులో చూపాడు. ఈ కృషికి 2001లో మరి ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేరంలో గెలిపించేది గొంతు కాదు, సమాచారం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

సగం ధర అనే ఉచ్చు

"చెప్పినదాంట్లో సగానికి అడుగు" అనే సలహా మనందరం విన్నదే. ఇది ఎంతవరకు పనికొస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక కండువా మీరు 100 యువాన్లకు కొనాలనుకున్నారు. (ఒక యువాను మన పది రూపాయల పైమాటే.) ఆమె 380 అంది. బేరాలు తరచు ఇరువైపుల మొదటి అంకెలకు మధ్యలో తెగుతాయి. అంటే 100 దగ్గర తెగాలంటే మీరు మొదట అడగవలసింది 2×100–380, అనగా మైనస్ 180! కండువా ఇచ్చి, పైన 180 యువాన్లు ఆమే మీకివ్వాలన్నమాట. ఊరికే ఇమ్మని అడిగినా మధ్య అంకె 190. కాబట్టి చెప్పే ధర ఆకాశంలో ఉన్నప్పుడు, ఆ ధరనుంచి లెక్కపెట్టే ఏ సూత్రమైనా మనల్ని ముంచుతుంది. మన ధర మనం అంగట్లో కాలు పెట్టకముందే నిర్ణయించుకోవాలి.

ఎలా నిర్ణయించాలి? మొదటి గంటలో ఏమీ కొనకూడదు. ఒకే సరుకును నాలుగైదు అంగళ్ళలో చూడాలి. ధరలు నిలకడగా ఉండే పెద్ద దుకాణంలో అలాంటిదే ఎంతకు అమ్ముతున్నారో చూడాలి. స్థానిక విద్యార్థి స్నేహితుడుంటే చేతిఫోనులో తావోబావ్ అనే అమ్మకాల వేదిక మీద ధర చూసి చెప్పగలడు.

ఇక రెండో పాఠం, తగ్గింపుల మీద కన్నేయడం. ఆమె 380 నుంచి 250, 180, 140, 120, 110 ఇలా దిగిందనుకోండి. తేడాలు 130, 70, 40, 20, 10. ప్రతి తేడా ముందుదానిలో దాదాపు సగం. గుణశ్రేఢి చదివినవాళ్ళకు మిగతాది తెలిసిపోతుంది. ఇక మిగిలిన తగ్గింపులన్నీ కలిపినా సుమారు 10, అంటే అవధి 100 దగ్గర ఉంది. అయితే ఇది ఆమె ఆడే నాటకమూ కావచ్చు. దానికి ఒకే పరీక్ష ఉంది. నవ్వుతూ నమస్కారం పెట్టి కదలడం. వెనక్కి పిలిస్తే ఇంకా చోటుంది, పిలవకపోతే అడుగు తగిలింది. పిలవకపోయినా నష్టం లేదు. అలాంటి అంగళ్ళు వరసగా ఉన్నాయి, ఈసారి మనకు అడుగు ఎక్కడుందో తెలుసు.

ఈకలకు బెల్లం

అన్ని అంగళ్ళలో ఒకే సరుకు ఎందుకు కనబడుతుంది? చాలావరకు టోకు బజార్లనుంచి వస్తుంది కాబట్టి. వాటిలో అన్నిటికంటే పెద్దది జెజియాంగ్ రాష్ట్రంలోని యీవూ. దీని కథ రైతుబిడ్డలు తెలుసుకోదగినది. అక్కడి నేలలు సారం లేనివి. అందుకని యీవూ రైతులు పని తక్కువగా ఉండే రోజుల్లో గిలకడోలు వాయించుకుంటూ ఊరూరా తిరిగి, బెల్లం ఇచ్చి కోడి ఈకలు తీసుకునేవారు. ఈకల్లో ఉండే కెరాటిన్ అనే మాంసకృత్తులో నత్రజని ఎక్కువ, అది పొలానికి ఎరువు. మంచి ఈకలతో దుమ్ము దులిపే కుంచెలు కట్టేవారు. తరువాత బెల్లంతోపాటు సూదులు, దారాలు, బొత్తాలు చేరాయి. 1982లో అక్కడి అధికారులు ఈ చిల్లర వ్యాపారానికి బహిరంగంగా అనుమతి ఇచ్చి బజారు తెరిచారు. ఆ బజారే పెరిగి పెరిగి ఈనాడు సుమారు 75,000 అంగళ్ళయింది. మన దేశపు వర్తకులూ అక్కడికి పోయి కొంటారు. బీజింగ్ వాకిట్లో 380 చెప్పే సరుకు అటువంటి చోట కట్టల లెక్కన అమ్ముడవుతుందని తెలిసినవాడికి మొదటి అంకె చూసి గుండె ఝల్లుమనదు.

సరుకు పరీక్ష

మనం చదివే రసాయన శాస్త్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. పట్టు మాంసకృత్తు కాబట్టి, ఒక పోగు కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళమధ్య నలుగుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. (అంగట్లోనే అగ్గిపుల్ల గీయకండి! అంచున వేలాడే పోగు అడిగి తీసుకుని బయట పరీక్షించండి.) ముత్యం అంటే కాల్షియం కార్బొనేటు పలకలు పొరలుపొరలుగా పేరినది. రెండు ముత్యాలను మెల్లగా రాస్తే సన్నని ఇసుక తగిలినట్టుంటుంది. గాజుపూసలు జారిపోతాయి.

పచ్చరాయి దగ్గర మాత్రం జాగ్రత్త. చైనావారు ప్రాణప్రదంగా చూసుకునే జేడ్ రాయిలో 'ఎ' రకం సహజమైనది. 'బి' రకం ఆమ్లంతో కడిగి జిగురుపదార్థం ఎక్కించినది, 'సి' రకం రంగు వేసినది. జిగురు సంగతి పరారుణ వర్ణపట పరీక్షలో బయటపడుతుందిగాని, మామూలు కంటికి చిక్కదు. ఎకర్లాఫ్ చెప్పింది సరిగ్గా ఇదే. మనం పరీక్షించలేని సరుకు మీద, పోయినా బాధపడనంత సొమ్మే పెట్టాలి. పాన్‌జ్యాయువాన్‌లో "పురాతన" వస్తువులూ అంతే. ఒకవేళ నిజంగానే పురాతనమైతే అదొక చిక్కు. 1911కు ముందటి వస్తువులను సాధారణంగా దేశం దాటనివ్వరు!

నాలుగు మాటలు, పది వేళ్ళు

"దువోషావ్ ఛ్యెన్?" అంటే ఎంత? "థాయ్ గ్వెయ్ ల" అంటే మరీ ప్రియం. "బూ యావ్" అంటే వద్దు. ఒక తమాషా ఏమిటంటే, "మాయ్" అనే మాటను గొంతు దించి పైకెత్తి పలికితే కొనడం, పైనుంచి కిందికి విసురుగా పలికితే అమ్మడం! యువానును వాడుకలో "ఖ్వాయ్" అంటారు. బరువు "జిన్" లెక్కన చెబుతారు. ఒక జిన్ అంటే అరకిలో, కిలో కాదు. అంగడి అద్దం మీద 8 అంకె వేసి తగ్గింపు అని రాస్తే, నూటికి 80 తగ్గించారని మురిసిపోకూడదు. ధరలో పదింట ఎనిమిది వంతులు ఇవ్వాలని దాని భావం.

అంకెలు ఒక్క చేతితో చూపుతారు. అయిదు దాకా మనలాగే. బొటనవేలు, చిటికెనవేలు చాపితే 6. బొటనవేలు, తరువాతి రెండు వేళ్ళ కొసలు కలిపితే 7. బొటనవేలు, చూపుడువేలు చాపితే 8. చూపుడువేలు కొక్కెంలా వంచితే 9. ఆ 8ని రెండనుకుని మోసపోయే కొత్తవాళ్ళున్నారట. వాయవ్య చైనా పశువుల సంతల్లో దళారులు పొడుగు చొక్కా చేతుల్లో చేతులు దూర్చి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునే ఆచారం ఉంది. మన పశువుల సంతల్లో తువాలు కప్పి చేసే బేరం మీకు గుర్తు రావడం లేదూ? రెండు చోట్లా ధర ఆ ఇద్దరికే తెలియాలి. మూడోవాడికి తెలిస్తే దళారీకి గిట్టదు.

అవతలి మనిషి

ఇదంతా చదివి, ఎదుటివారిని ఆఖరి పైసా దాకా పిండడమే బేరమని ఎవరైనా అనుకుంటే నా వ్యాసం వ్యర్థం. బీజింగ్ అంగళ్ళలో నిలబడేవాళ్ళలో ఎంతోమంది దూరపు పల్లెలనుంచి వచ్చినవాళ్ళు. 1958 నాటి చట్టంతో బిగిసిన హుకౌ అనే నివాస నమోదు పద్ధతి వల్ల, అలా వచ్చినవాళ్ళు ఎన్నేళ్ళు పనిచేసినా, పిల్లల చదువు వంటి విషయాల్లో ఆ మహానగరపు పౌరులతో సమానం కావడం కష్టం. అంగడి అద్దె, కూలి, దారి ఖర్చు అన్నీ ఆ కండువాలోంచే రావాలి. 380ని 100కు దించడం బేరం. 100 దగ్గర ఒప్పుకుని, సంచిలో వేసుకుని, 95 చేతిలో పెట్టడం బేరం కాదు. ధర మనమే చెప్పి, ఆమె ఒప్పుకున్నాక వెళ్ళిపోవడమూ అంతే. రోడ్డు పక్కన గంపలో కూరలు పెట్టుకున్న ముసలమ్మ దగ్గర ఈ గుణశ్రేఢులు అసలే అక్కర్లేదు. ఆమెకు మన గురించి తెలిసినదానికంటే ఆమె సరుకు గురించి మనకు తెలిసిందే ఎక్కువ.

ముగింపు

చివరగా మన ఊరి సంగతి. మా ఇంటినుంచి మిరపటిక్కీలు యార్డుకు పోయే ముందురోజు నాన్నగారు నలుగురికి ఫోను చేసి ధర కనుక్కుంటారు. వీపుసంచి యాత్రికుడు నాలుగు అంగళ్ళు తిరగడమూ, ఇదీ ఒకటే పని. తేడా అల్లా ఒక్కటే. యాత్రికుడు వద్దనుకుని నడిచి వెళ్ళగలడు. లారీ కిరాయి పెట్టుకుని, అప్పు వాయిదా నెత్తిమీద పెట్టుకుని వచ్చిన రైతు సరుకు వెనక్కి తీసుకుపోలేడు. అమ్మబోతే అడివి కావడానికి సగం కారణం ధర తెలియకపోవడం అయితే, మిగతా సగం నడిచి వెళ్ళలేకపోవడం. మొదటిదానికి 1999లో వచ్చిన రైతుబజార్ల ధరల బోర్డులు, 2016లో వచ్చిన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్టు వంటివి కొంత మందు. రెండోదానికి గిడ్డంగులు, శీతల గిడ్డంగులు, వాటిలో దాచిన సరుకు మీద సకాలంలో అప్పు కావాలి. మిత్రులారా, చదువుకున్న మనం సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు కనీసం ఆ మొదటి సగమైనా చేసిపెట్టవచ్చు. చేతిలో ఫోను ఉంది, లెక్క వచ్చు. మన ఊరి సరుకుకు నాలుగు యార్డుల ధర కనుక్కుని, బండి కట్టకముందే ఇంట్లో చెబుదాం.