హైస్కూలు కౌన్సెలర్: కాలప్రణాళిక, వృత్తికీ జీవితానికీ మధ్య సమతౌల్యం

అమెరికా హైస్కూళ్లలో కౌన్సెలర్ ఉద్యోగానికి పేరు ఒకటే, గదీ ఒకటే అయినా, ఆ గదిలో జరిగేవి కనీసం మూడు భిన్నమైన పనులు. హైస్కూలు చదువు పూర్తికావాలంటే ఏ పాఠ్యాంశాన్ని ఏ సంవత్సరం తీసుకోవాలో విద్యార్థికి చెప్పడం మొదటిది; కళాశాల ప్రవేశానికీ ఉద్యోగానికీ దారి చూపడం రెండోది; కుటుంబ కలహాలతోనో, దిగులుతోనో, తోటివారి వేధింపులతోనో సతమతమయ్యే విద్యార్థికి ఆ క్షణంలో అండగా నిలవడం మూడోది. ఈ మూడూ ఒకేసారి వచ్చి చేరినవి కావు. 1908లో సంఘ సంస్కర్త ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్ నగరంలో వృత్తి మార్గదర్శక కేంద్రాన్ని నెలకొల్పినప్పుడు, యువతకు తగిన ఉద్యోగాన్ని ఎంచుకోవడంలో తోడ్పడటమే దాని ధ్యేయం. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించిన దరిమిలా, 1958లో వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం ప్రతిభ గల విద్యార్థులను గుర్తించి ఉన్నత విద్య వైపు నడిపించే బాధ్యతను హైస్కూలు కౌన్సెలర్లకు అప్పగించి, అందుకు నిధులు కూడా సమకూర్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో విద్యార్థుల మానసిక క్షేమం కూడా వారి పరిధిలోకి వచ్చింది. కొత్త బాధ్యత చేరిన ప్రతిసారీ పాతది అలాగే ఉండిపోయింది. కాబట్టి ఈ వృత్తిలో ఉన్నవారి కాలప్రణాళికను గురించి ఆలోచించేటప్పుడు, పెందలాడే లేవడం, పనుల జాబితా రాసుకోవడం వంటి సాధారణ సలహాలు అక్కరకు రావు. ఏ పని తనది కాదో ముందుగా, కాగితం మీద తేల్చుకోవడంతోనే అసలు ప్రణాళిక మొదలవుతుంది.

ఒక కౌన్సెలర్ బాధ్యతలో ఉండే మొత్తం విద్యార్థుల సంఖ్యను అక్కడ కేస్‌లోడ్ అంటారు. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ 1965 నుంచీ ఒక్కొక్కరికి 250 మందికి మించి విద్యార్థులు ఉండరాదని సిఫారసు చేస్తూనే ఉంది. 2022-23 విద్యాసంవత్సరంలో దేశవ్యాప్త సగటు మాత్రం 385. పని సమయంలో కనీసం 80 శాతం విద్యార్థులకు నేరుగానో, వారి తరఫున తల్లిదండ్రులతోనూ ఉపాధ్యాయులతోనూ మాట్లాడటం ద్వారానో అందే సేవకే దక్కాలని అదే సంఘం చెబుతుంది. ఆచరణలో పరీక్షల నిర్వహణ, భోజనశాలలో కాపలా, సెలవు పెట్టిన ఉపాధ్యాయుల తరగతులు, కంప్యూటర్‌లో వివరాల నమోదు వంటివి ఆ సమయాన్ని కొరుక్కు తింటాయి. ఇవన్నీ కౌన్సెలర్‌కు తగని పనులని సంఘం తన మార్గదర్శకాల్లో స్పష్టంగానే పేర్కొన్నా, బడిలో చేతికి అందేవారు తక్కువైనప్పుడు తరగతి లేని ఉద్యోగి వైపే అందరి చూపూ వెళుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ అడిగినవారు మంచివారైనంత మాత్రాన పోయిన గంట తిరిగి రాదు.

ఏడాది మొత్తాన్ని ఒక్క చూపులో చూడగలగడం ఈ వృత్తిలో ఎంతో అవసరం, ఎందుకంటే ఇక్కడ పని ఏడాది పొడవునా సమంగా సాగదు. ఆగస్టు 1న కామన్ అప్లికేషన్, అంటే ఒకే దరఖాస్తును అనేక కళాశాలలకు పంపుకునే వేదిక, కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. అదే నెలలో తరగతుల కేటాయింపులో మార్పులు కోరుతూ విద్యార్థులు బారులు తీరుతారు. అక్టోబరులో, కళాశాల ప్రవేశానికి రాసే ఎస్ఏటీకి సన్నాహకమైన పీఎస్ఏటీ పరీక్ష. నవంబరు 1న చాలా కళాశాలల ముందస్తు దరఖాస్తులకు గడువు. జనవరి మొదట్లో సాధారణ దరఖాస్తులకు. ఆపైన పన్నెండో తరగతి విద్యార్థుల మధ్యంతర మార్కులు పంపడం. శీతాకాలం చివర్లో వచ్చే ఏడాది పాఠ్యాంశాల ఎంపిక. మే నెల మొదటి రెండు వారాల్లో, హైస్కూలులోనే చదివే కళాశాల స్థాయి పాఠ్యాంశాలకు జరిగే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు. ఈ తేదీలేవీ కౌన్సెలర్ చేతిలో లేవు. అయితే వీటి మధ్య ఉన్న ఖాళీలు ఆయన లేదా ఆమె చేతిలోనే ఉన్నాయి. అక్టోబరులో చేసి తీరవలసిన పనిలో ఎంత భాగాన్ని మే నెలకో, సెప్టెంబరు మొదటి వారాలకో జరపవచ్చునన్నదే ఏటా కూర్చుని లెక్క వేసుకోవలసిన విషయం.

సిఫారసు లేఖల సంగతే చూడవచ్చు. 400 మంది విద్యార్థులున్న కౌన్సెలర్‌కు దాదాపు 100 మంది పన్నెండో తరగతివారు ఉంటారు; వారిలో 60 మందికి లేఖలు కావాలనీ, ఒక్కో లేఖకు పాత వివరాలు తిరగేయడం, రాయడం, సరిచూడటం కలిపి ముప్పావు గంట పడుతుందనీ అనుకుంటే మొత్తం 45 గంటల పని తేలుతుంది. అంటే పూర్తి పనివారం కంటే ఎక్కువ. దీనిని అక్టోబరు చివరి పది రోజులకు వదిలిపెడితే అది రాత్రులకూ ఆదివారాలకూ పాకుతుంది, ఆ ఒత్తిడిలో రాసిన ఇరవయ్యో లేఖా ముప్పయ్యో లేఖా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, నష్టపోయేది విద్యార్థి. సెప్టెంబరు మొదటి వారం నుంచి ప్రతి ఉదయం గంటన్నరసేపు తలుపు వేసుకుని రోజుకు రెండు లేఖల చొప్పున రాస్తే, అదే 60 లేఖలు ముప్పై పనిదినాలలో, అంటే అక్టోబరు నడిమికల్లా ముగుస్తాయి. ఇది సాగాలంటే పదకొండో తరగతి చివర్లోనే విద్యార్థి చేత ఒక వివరాల పత్రం నింపించాలి. ఇష్టమైన పాఠం, ఇంట్లో మోసే బాధ్యత, ఓడిపోయి మళ్లీ ప్రయత్నించిన సందర్భం వంటివి అందులో అడగాలి. దానితోపాటు, విద్యార్థితో మాట్లాడిన రోజునే గుర్తుంచుకోదగిన ఒక్క విషయాన్ని అతని పేరు కింద ఒక వాక్యంలో రాసి పెట్టుకునే అలవాటు ఉంటే, ఏడాది తరువాత లేఖ రాయడానికి కూర్చున్నప్పుడు ఎదురుగా ఉండేది ఖాళీ కాగితం కాదు, ఒక మనిషి.

ఎంత జాగ్రత్తగా వేసిన ప్రణాళికనైనా బయటి సంఘటన తలకిందులు చేయవచ్చు. కళాశాల ఆర్థిక సహాయానికి ప్రభుత్వం నిర్దేశించిన ఫాఫ్సా దరఖాస్తు మామూలుగా అక్టోబరు 1న విడుదల కావలసి ఉండగా, 2024-25 విద్యాసంవత్సరానికి సంబంధించినది 2023 డిసెంబరు చివరిదాకా రాలేదు. వచ్చిన తరువాత కూడా సాంకేతిక లోపాలు వెంటాడటంతో విద్యార్థులు తాము చేరే కళాశాలను ఖరారు చేయవలసిన మే 1 గడువును అనేక కళాశాలలు వాయిదా వేశాయి. శరదృతువులో ముగియవలసిన పని శీతాకాలం చివరి పాఠ్యాంశాల ఎంపికతోనూ వసంతంలోని పరీక్షలతోనూ వచ్చి కలిసింది. ఏడాది పంచాంగంలో ప్రతి గడినీ ముందే నింపుకున్నవారికి అటువంటి ఏడాది మోయలేని భారమవుతుంది. అనుకోని పనికి చోటు వదలని పట్టికను ప్రణాళిక అని పిలవడం సరికాదు.

ఈ సూత్రం రోజువారీ పట్టికకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. హైస్కూలు కౌన్సెలర్ దినచర్యలో అంతరాయం మినహాయింపు కాదు, అది ఉద్యోగ ధర్మంలో భాగం. పిల్లల మీద హింస జరుగుతున్నదన్న అనుమానం కలిగితే వెంటనే సంబంధిత అధికారులకు తెలియజేయవలసిన చట్టబద్ధ బాధ్యత బడి సిబ్బందిపై ఉంది. అటువంటి విషయం మధ్యాహ్నం రెండున్నరకు బయటపడితే ఆ రోజులో మిగిలిన పనులన్నీ పక్కకు జరగవలసిందే. అందుచేత రోజులో కనీసం ఒక గంటను ఏ పేరూ పెట్టకుండా ఖాళీగా ఉంచడం, అది వాడుకోకుండా మిగిలిన రోజున మాత్రమే ఉత్తరాలకూ దస్త్రాలకూ కేటాయించడం మంచి పద్ధతి. తక్షణం స్పందించవలసినవాటినీ ఆగగలిగినవాటినీ వేరుచేసే ఏర్పాటు కూడా ఉండాలి. విద్యార్థులు ఫోనులోనే నింపగలిగిన చిన్న పత్రంలో 'ఇప్పుడే మాట్లాడాలి', 'ఈ రోజు ఎప్పుడైనా ఫరవాలేదు', 'ఈ వారంలో చాలు' అన్న మూడు గడులు పెడితే, తరగతి మార్చుకోవాలనుకునే విద్యార్థీ, రాత్రి ఇంటికి వెళ్లడానికి భయపడుతున్న విద్యార్థీ తలుపు బయట ఒకే వరుసలో నిలబడవలసిన పరిస్థితి తప్పుతుంది.

ఒక పని నుంచి మరో పనికి మాటిమాటికీ మారడం వల్ల కలిగే నష్టాన్ని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. మొదటి పని అసంపూర్తిగా ఉన్నప్పుడు మనసులో కొంత భాగం దానివద్దే చిక్కుకుపోయి, రెండో పనికి పూర్తి ధ్యాస దక్కదు. దీనిని ఆమె ధ్యాస శేషం అన్న అర్థమిచ్చే పేరుతో వ్యవహరించారు. కౌన్సెలర్ విషయంలో ఈ శేషం మరింత బరువైనది, ఎందుకంటే వదిలి వచ్చినది దస్త్రం కాదు, ఏడుస్తున్న పిల్ల. రెండు సమావేశాల మధ్య అయిదు నిమిషాల విరామాన్ని పట్టికలోనే రాసి ఉంచడం, ఆ అయిదు నిమిషాలలో జరిగినదానిని రెండు ముక్కల్లో నమోదు చేయడం విలాసం కాదు. తరువాత వచ్చే విద్యార్థికి న్యాయం చేయడానికి అది అవసరం.

పని హద్దులను నిర్ణయించుకోవడంలో ప్రిన్సిపాల్‌తో కుదుర్చుకునే ఒప్పందం కీలకమైనది. కౌన్సెలర్ల సంఘం రూపొందించిన జాతీయ నమూనాలో ఇందుకు ఒక వార్షిక సమావేశ పత్రం ఉంది. ఏడాది లక్ష్యాలు, కేస్‌లోడ్, ఏ పనికి ఎంత సమయం అన్న విషయాలు అందులో రాసి ఇద్దరూ సంతకం చేస్తారు. దానికి ముందు కొన్ని రోజులపాటు తన సమయం ఎటు పోతున్నదో పావుగంటల లెక్కన రాసుకుంటే మాటకు బలం చేకూరుతుంది. 'పని ఎక్కువైపోయింది' అన్న ఫిర్యాదును ఎవరైనా సానుభూతితో విని ఊరుకోవచ్చు. 'గత వారం పదకొండు గంటలు పరీక్షా పత్రాలు లెక్కపెట్టడానికి పోయాయి, ఆ పదకొండు గంటల్లో ఇరవై మంది తొమ్మిదో తరగతి విద్యార్థులను కలవగలిగేవాళ్లం' అన్న లెక్కకు మాత్రం జవాబు చెప్పక తప్పదు. కాదనడం చాలామంది కౌన్సెలర్లకు స్వభావరీత్యా కష్టం, ఎందుకంటే సాయం చేయాలన్న కోరికే వారిని ఈ వృత్తిలోకి తెచ్చింది. ఆ స్వభావాన్ని మార్చుకోనక్కరలేదు. ప్రతిసారీ అప్పటికప్పుడు కాదనవలసిన అవసరం రాకుండా, ఏడాది మొదట్లో ఒక్కసారి కాగితం మీద కాదనుకుంటే సరిపోతుంది.

వృత్తిపరమైన అలసటను బర్నౌట్ అంటారు. మనస్తత్వవేత్తలు క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దీనిని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించినప్పుడు మూడు పార్శ్వాలను గుర్తించారు: భావోద్వేగాలు ఇంకిపోవడం, ఎదుటివారిని మనుషులుగా కాక కేసులుగా చూడటం, తన పనివల్ల ఒరిగేదేమీ లేదన్న భావన కలగడం. హైస్కూలు కౌన్సెలర్‌లో ఈ రెండో లక్షణాన్ని ముందుగా కనిపెట్టాలి; విద్యార్థి పేరు బదులు 'ఆ మూడో పీరియడ్ గొడవ' అన్న మాట నోటికి తేలికగా వస్తున్నదంటే, విశ్రాంతి అవసరమని గ్రహించాలి. దీనికి తోడు, ఇతరుల బాధను నిరంతరం వినడం వల్ల వినేవారిలోనూ నిద్రలేమి, భయం వంటి లక్షణాలు కలగవచ్చునని మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ 1990లలో వివరించారు. తోటి కౌన్సెలర్‌తో వారానికి ఒకసారి, విద్యార్థి గోప్యతకు భంగం కలగకుండా, కష్టమైన సంఘటనల గురించి మాట్లాడుకోవడం దీనికి తగిన ఉపాయం. ఒక్కరే కౌన్సెలర్ ఉన్న బడిలో పక్క బడివారితోనైనా ఈ ఏర్పాటు చేసుకోవాలి.

పని ముగిశాక మనసు కూడా పని నుంచి వైదొలగడాన్ని పరిశోధకులు సబీన్ సోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ 2007లో ప్రచురించిన ప్రశ్నావళిలో కోలుకోవడానికి తోడ్పడే నాలుగు అనుభవాలలో ఒకటిగా చేర్చారు. మిగిలిన పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్దిష్టంగా రాసుకుంటే అది మనసును తొలిచేయడం తగ్గుతుందని మనస్తత్వవేత్తలు మసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రయోగపూర్వకంగా చూపించారు. కాబట్టి బడి విడిచే ముందు పది నిమిషాలు కేటాయించి, తెరిచి ఉన్న ప్రతి విషయానికీ ఎదురుగా 'రేపు రెండో పీరియడ్‌లో తల్లికి ఫోను' అన్నంత స్పష్టంగా తరువాతి అడుగు రాయాలి. విద్యార్థులకు వ్యక్తిగత ఫోను నంబరు ఇవ్వరాదు. సాయంత్రం వచ్చే ఈమెయిళ్లకు తనంతట తాను వెళ్లే జవాబులో, రేపు ఉదయం ఎన్ని గంటలకు చూస్తారో చెబుతూ, ప్రాణాపాయం ఉంటే 911కు, ఆత్మహత్య ఆలోచనలు వస్తుంటే 2022 జులై నుంచి దేశమంతటా పనిచేస్తున్న 988కు ఫోను చేయమని రాసి ఉంచాలి. ఇలా చేయడం విద్యార్థిని వదిలేయడం అవుతుందేమోనన్న అపరాధభావం చాలామందిని పీడిస్తుంది. రాత్రి పదకొండున్నరకు ఒంటరిగా, నిద్రకళ్లతో ఇచ్చే జవాబు కంటే, శిక్షణ పొంది ఆ సమయంలో మేలుకొని ఉన్న మనిషి ఆ పిల్లవాడికి ఎక్కువ క్షేమం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో సూటిగా సంబంధం ఉంది. ఎంసెట్ ర్యాంకు ఒక్కటే సీటును నిర్ణయించిన వ్యవస్థలో చదువుకున్న తల్లిదండ్రులకు, వ్యాసాలూ సిఫారసు లేఖలూ పాఠ్యేతర కార్యక్రమాలూ కలిపి చూసే ప్రవేశ పద్ధతి కొత్త. అందుకే వారి ప్రశ్నలు ఎక్కువ, ఆందోళన ఇంకా ఎక్కువ. తెలుగువారు ఎక్కువగా ఉన్న బడులలో కౌన్సెలర్ సెప్టెంబరులో ఒక సాయంత్రం తల్లిదండ్రులందరికీ కలిపి సమావేశం పెడితే, ఆ తరువాత విడివిడిగా చెప్పవలసిన జవాబులు చాలావరకు తగ్గుతాయి. తల్లిదండ్రులు తమవైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. పిల్లల చేత వివరాల పత్రాన్ని మే నెలలోనే నింపించి ఇవ్వండి, సిఫారసు లేఖను గడువుకు కనీసం నెల ముందు అడగండి, అడిగే పనిని పిల్లలకే వదలండి. సెలవు దినాల్లో కౌన్సెలర్‌కు రాయవలసిన ఉత్తరాన్ని సోమవారం ఉదయం దాకా పంపకుండా ఉంచండి.