మంచు, మాగాణి లేని నేల



అనంతపురం పీఠభూమిలో పొగమంచు రాత్రిపూట నేల దగ్గరే పుడుతుంది. కార్తీకపు వానలు ఆగి, ఆకాశం తేటపడి, గాలి దాదాపు నిలిచిపోయిన రాత్రుల్లో నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడేకొద్దీ అందులోని ఆవిరి దుమ్ము రేణువులను పట్టుకుని సన్నని నీటి తుంపరగా మారుతుంది. చల్లబడిన ఆకుల మీదైతే బొట్లు కడుతుంది. చెరువుల పక్కన, వంకల్లో మంచు చిక్కగా ఉంటుంది. పొద్దెక్కి నేల కాగితే విడిపోతుంది.

ధ్రువాల దగ్గర దారి వేరు. వేసవిలో దక్షిణం నుంచి వచ్చే తేమగాలి ఆర్కిటిక్ సముద్రపు మంచుగడ్డల మీద చల్లబడి పొగమంచుగా కమ్ముకుంటుంది. చలికాలంలో గడ్డ పగిలి బయటపడిన నీటి మీద అతిశీతల గాలి వీస్తే ఆవిరి పొగలా లేస్తుంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆర్కిటిక్‌లో చాలాచోట్ల వాన, హిమపాతం కలిపినా అందులో సగం రాదు. అందుకే అక్కడి నాచుకూ లైకెన్లకూ వేసవి పొగమంచు పెద్ద ఆసరా. 2008లో భారతదేశం హిమాద్రి పరిశోధనా కేంద్రాన్ని తెరిచిన స్వాల్‌బార్డ్ దీవుల్లో రెయిన్‌డీర్లు ఆ నాచును కూడా మేస్తాయి. పెనుకొండ గుట్టల బండలకు అంటుకున్న బూడిదరంగు పొరలూ లైకెన్లే. వేళ్లు లేని ఈ జీవులు తడిని ఒంటితోనే పీల్చుకుంటాయి.

ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడిలో అక్టోబరు, నవంబరుల్లో విత్తే పప్పుశనగ మంచుకే పండుతుందంటారు. అందులో సగమే నిజం. ఒక రాత్రి ఆకుల మీద చేరే మంచు అర మిల్లీమీటరు దాటడం అరుదు. పంటను మోసేది రేగడి లోతున దాచుకున్న వాననీరే. అయితే ఆకు తడిగా ఉన్నంతసేపు మొక్క తన నీటిని ఆవిరిగా పెద్దగా పోగొట్టుకోదు. ఆ మేరకు నేలలోని తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. శనగాకు మీది నూగు పులుపును ఊరుస్తుంది. తెల్లవారుజామున చేని మీద పలుచని గుడ్డ పరిచి, మంచులో కలిసిన ఆ పులుసును పిండి అజీర్తికి వాడటం పూర్వపు వైద్యం.

మంచును నమ్మి ఎండిన నేలలో విత్తనం వేయకూడదు. విత్తే ముందు గుంత తీసి అడుగు లోతున తేమ ఉందో లేదో చూడాలి. మబ్బు, మంచు రోజుల తరబడి వదలకపోతే పూత రాలుతుంది, తెగుళ్లు పుడతాయి. తడి ఆకుల మధ్య తిరిగితే ఆ తెగులు మొక్క నుంచి మొక్కకు అంటుతుంది. కాబట్టి చేనిలోకి దిగినా, మందు కొట్టినా ఆకు ఆరిన తర్వాతే.

ఇట్లు,
తాత