హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

సంగీతకర్తలు రెండు తెగలవారు. స్వరములను కాగితముపై వ్రాసి యితరులచే పాడించువారు కొందరు. తాము కట్టిన పాటను తామే పాడి జనులను రంజింపజేయువారు కొందరు. ఐరోపా ఖండమున మొదటి తెగవారు ప్రబలిరి. హాలెండు దేశీయుడైన స్వేలింకు (1562–1621) ఆమ్‌స్టర్‌డాము నగరమునందలి పాత చర్చిలో ఆర్గను వాయించుచు, దావీదు కీర్తనలు 150కిని బహుకంఠ సంగీతమును కూర్చెను. అవి అచ్చుపడుటచే, అతడు గతించి నాలుగువందల యేండ్లు దాటినను నేటికిని ఆ పుటలను చూచి పాడుచున్నారు. రెండవ తెగవారి సంగీతమునకు అట్టి రక్షణ లేదు. అది కంఠమున బుట్టి కంఠముననే నిలువవలయును. ఉత్తరాంధ్రమున ఈ తెగకు శిరోమణి నారాయణదాసుగారు.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామమున జన్మించిరి. ఆ గ్రామమిప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. తల్లిదండ్రులు వారికి బెట్టిన పేరు సూర్యనారాయణ. బొబ్బిలిలో వాసా సాంబయ్యగారికడ సంగీతము నభ్యసించి, పిదప విజయనగరము చేరి ఇంగ్లీషు చదువు చదివిరి. 1883లో చెన్నపట్టణమునుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథను అచ్చట వినిరి. వినినది మొదలు అదియే వారికి ధ్యాస యయ్యెను. ఆ యేడే ధ్రువచరిత్రమును తామే రచించి, వేణుగోపాలస్వామి యాలయమున చెప్పిరి. అప్పటికి వారికి ఇరువది యేండ్లు నిండలేదు.

హరికథ చెప్పుట యనగా ఒక్కడే పదిమంది పని చేయుట. కాలికి గజ్జెలు, చేత చిరుతలు, మెడలో పూలదండ. ప్రక్కన ఫిడేలు, మృదంగము. కథకుడు కీర్తన పాడవలెను, పద్యము చదువవలెను, వచనమున కథ నడుపవలెను, ఆడవలెను. నవ్వించిన నోటితోనే ఏడిపింపవలెను. కథను వ్రాసినవాడు, వరుస కట్టినవాడు, పాడినవాడు, ఆడినవాడు అన్నియు దాసుగారే. అందుచేతనే వారిని హరికథా పితామహు డనిరి.

వారి లయజ్ఞానము ప్రసిద్ధము. రెండు చేతులతోను, రెండు పాదములతోను, శిరస్సుతోను ఏకకాలమున అయిదు తాళములు వేయుచుండుటచే వారికి పంచముఖీ పరమేశ్వరు డను బిరుదము కలిగెను. విద్యార్థులారా! ఇది యెంత కష్టమో తెలియగోరినచో, ఒక చేత ఎనిమిది అక్షరముల ఆదితాళమును, రెండవ చేత ఆరు అక్షరముల రూపకతాళమును ఒక్కసారిగా మొదలుపెట్టి చూడుడు. ఆ రెండింటి ఆరంభములును 24 అక్షరములు గడచినగాని మరల కలియవు. రెండు తాళములకే ఇంత లెక్క యున్నప్పుడు, అయిదింటిని మోయు మనస్సు ఎట్టిదో ఊహింపుడు.

రచనమునను వారికి హద్దులు లేవు. జగన్మాతను గూర్చి 90 రాగములలో ఒకే గేయమాలికను కూర్చి, దానికి దశవిధరాగ నవతి కుసుమమంజరి యని పేరిడిరి. గౌరప్ప పెండ్లిని అచ్చతెలుగున రచించిరి. సంస్కృతమునను హరికథలు వ్రాసిరి. ఉమర్ ఖయ్యాము రుబాయతులను పారసీక మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఇంగ్లీషునుండియు సంస్కృతములోనికిని అచ్చతెలుగులోనికిని మార్చి 1932లో ప్రకటించిరి. నవరసతరంగిణిలో కాళిదాసును, షేక్స్‌పియరును ఒకచోట కూర్చుండబెట్టిరి.

ఇంతటి సంపద ఒక్క మనుష్యునితో అంతరింపకుండుటకు పాఠశాల కావలెను. 1919వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన విజయరామ గజపతి మహారాజు విజయనగరమున సంగీత పాఠశాలను స్థాపించి, దాసుగారిని ప్రథమాధ్యక్షులుగా నియమించెను. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరవచ్చి, ఫిడేలు బోధించు ఆచార్యులై, 1936లో దాసుగారి తరువాత అధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు అచ్చట చదివినవారే. దాసుగారు 1945 జనవరి 2వ తేదీన పరమపదించిరి. పాఠశాల నేడును ప్రభుత్వ కళాశాలగా నడచుచున్నది.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆ పాఠశాలవలన గాత్రము, ఫిడేలు నిలిచినట్లుగా హరికథ నిలువలేదు. గాయకుడు గానమొక్కటియే నేర్చిన చాలును. హరికథకుడు సాహిత్యము, సంగీతము, నృత్యము మూడును నేర్వవలెను. అన్నిటికిని కాలము వెచ్చించువారు అరుదు. రాత్రి తెల్లవార్లు కూర్చుండి విను సభయు కరగిపోయెను. దాసుగారి గ్రంథములు అచ్చులో నున్నవి; కాని గ్రంథము హరికథలో సగమే. మన పొందూరివారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వాలుగచేప దవడతో ప్రత్తిని ఎట్లు దువ్వవలెనో పుస్తకమున ఎంత చక్కగా వ్రాసినను, ఆ పుస్తకము సన్ననూలు వడకదు. వడకు చేతి ప్రక్కన మరియొక చేయి కూర్చుండి నేర్వవలెను.

అట్లు నేర్చినవారు లేకపోలేదు. తూర్పుగోదావరిలోని కపిలేశ్వరపురమున హరికథా పాఠశాల వెలసి బాలికలకును ఈ విద్యను నేర్పెను. అచ్చట శిక్షణ పొంది, సంస్కృతమునను హరికథలు చెప్పుచున్న ఉమామహేశ్వరిగారికి 2024లో పద్మశ్రీ బిరుదము లభించెను. ఒకప్పుడు పురుషులకే యనుకొన్న చిరుతలు స్త్రీ చేతిలో మ్రోగుట దాసుగారి విద్యకు క్రొత్త ఆయువు.

కనుక మన యూర గాని, పొరుగూర గాని ఉత్సవములలో హరికథ జరిగినప్పుడు పోయి ముందువరుసలో కూర్చుండుడు. అర్థము కాని పద్యమును మరునాడు ఉపాధ్యాయుని అడుగుడు. స్వేలింకు సంగీతమును కాగితము కాపాడినది. నారాయణదాసుగారి సంగీతమును వినువారి చెవులే కాపాడవలెను.