జీతం మాట

కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాల్లో ఒకప్పుడు ఉగాది నాడు పచ్చడి తినడంతో పాటు మరొక పని కూడా ఉండేది. అది పాలేరు జీతం మాట్లాడుకోవడం. పాలేరునే కొన్ని ప్రాంతాల్లో జీతగాడు అంటారు. ఏడాదికి ఎన్ని బస్తాల ధాన్యం, బట్టలు ఎన్ని జతలు, చెప్పులు ఇస్తారా ఇవ్వరా, పండుగలకు ఎన్ని రోజులు ఇంటికి వెళ్ళవచ్చు - ఇవన్నీ ఇద్దరు పెద్దమనుషుల ఎదుట తేలేవి. కాగితం ఉండేది కాదు. ఆ పెద్దమనుషులే సాక్షులు.

ఆ ఏర్పాటు గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ముందే అప్పు తీసుకొన్న పాలేరుకు బేరమాడే నోరు ఉండేది కాదు. అప్పు తీరే దాకా, ఒక్కొక్కసారి కొడుకు తరం దాకా, ఆ ఇంటి చాకిరీ తప్పేది కాదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేయవలసి వచ్చింది ఇటువంటి పరిస్థితుల వల్లనే. అయితే అప్పు లేని పాలేరు మాత్రం చెప్పుల జత కోసం కూడా పట్టుబట్టి మాట్లాడేవాడు. చదువుకొన్న మనం కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ మాట ఎత్తడానికి మొహమాటపడతాం.

"ఎంత ఇమ్మంటావు?" అని యజమాని అడుగుతాడు. "మీ ఇష్టం సార్" అంటాం. ఇది మనం చిన్నప్పటినుంచి నేర్చుకొన్న మర్యాద. పెద్దవారి ముందు డబ్బు మాట ఎత్తితే ఆశపోతు అనుకొంటారేమోనని భయం. ఇంట్లోవారు కూడా "ముందు చేరు, పనితనం చూసి వాళ్ళే ఇస్తారు" అని నచ్చజెప్పి పంపుతారు. పనితనం చూసి ఇచ్చేవారు లేకపోలేదు. కాని మనం అడగనిదాన్ని గుర్తుపెట్టుకొని ఇవ్వాలని వారి మీద ఏ నిర్బంధమూ లేదు.

నేను తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి 1994లో ఒక ప్రైవేటు పాఠశాలలో చేరాను. నెలకు 1,200 రూపాయలు అన్నారు. నేనూ "మీ ఇష్టం" అన్నవాణ్ణే. అసలు సర్టిఫికెట్లు ఇమ్మంటే ఇచ్చాను, రసీదు అడగలేదు. మార్చి నెల దాకా అంతా సవ్యంగానే సాగింది. ఏప్రిల్ జీతం కోసం వెళితే గుమాస్తా తల ఎత్తకుండానే, "వేసవిలో జీతం ఉండదు మాస్టారూ, ఇక్కడ పది నెలలకే" అన్నాడు. ఆలోచిస్తే వాళ్ళు అబద్ధమాడలేదు. నెలకు 1,200 అన్నారు. ఏడాదికి ఎన్ని నెలలు అని నేను అడగలేదు! జూన్‌లో నాకు వేరొకచోటి నుంచి పిలుపు వచ్చింది. సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వడానికి వీళ్ళు మూడు వారాలు తిప్పారు. ఆ లోపల ఆ ఉద్యోగం మరొకరికి పోయింది. నా కాగితాలు పెట్టి తాళం వేసిన ఆ పచ్చ బీరువా ఇప్పటికీ నా కళ్ళలో మెదులుతూనే ఉంటుంది.

ఆ అనుభవం 2023లో మా మేనకోడలికి పనికివచ్చింది. ఆమె డిప్లొమా ముగించి హోసూరు పారిశ్రామికవాడలో ఒక కర్మాగారానికి దరఖాస్తు పెట్టింది. ఎంపికైనట్లు కబురు వచ్చింది. ఏడాదికి 2,40,000 రూపాయలని కాగితంలో ఉంది. "మామయ్యా, నెలకు ఇరవై వేలు!" అని పరుగున వచ్చి చెప్పింది. ఆ కాగితం వెనుక పుటలో చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంది. ఇద్దరం కూర్చొని లెక్క వేశాం.

నెలకు ఇరవై వేలు అన్నది కంపెనీ ఆమె కోసం పెట్టే మొత్తం ఖర్చు. అందులో జీతంగా లెక్కకట్టేది 17,000: మూలవేతనం 12,000, ఇంటి అద్దె మొదలైన భత్యాలు 5,000. మిగిలిన దానిలో భవిష్యనిధికి కంపెనీ కట్టే వాటా, అంటే మూలవేతనంలో నూటికి 12 వంతున, 1,440. ఉద్యోగుల ఆరోగ్య బీమా, అదే ఇ.ఎస్.ఐ., దానికి కంపెనీ వాటా నూటికి 3.25 చొప్పున 553. దీపావళికి ఒకేసారి ఇచ్చే బోనసును నెలకు 1,000 చొప్పున అందులోనే కలిపారు. ఇక ఆ 17,000లో నుంచి ఆమె వాటాగా భవిష్యనిధికి మళ్ళీ 1,440, బీమాకు 128, బస్సుకు, క్యాంటీనుకు కలిపి 900 తీసివేస్తారు. చేతికి వచ్చేది 14,532 రూపాయలు!

పిల్ల ముఖం చిన్నబోయింది. నిజానికి ఇందులో మోసం ఏమీ లేదు. భవిష్యనిధి ఆమె పేరనే జమ అవుతుంది. జబ్బు చేస్తే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. కాని ఇరవై వేలు వస్తాయనుకొని నెలనెలా చీటీ కట్టడానికి ఒప్పుకొన్నవాళ్ళు మొదటి నెలలోనే చిక్కుల్లో పడతారు. అందుకని జీతం మాట వచ్చినప్పుడు మొదట అడగవలసింది "ఎంత?" అని కాదు, "చేతికి ఎంత?" అని.

తరువాత ఆమె రెండు పనులు చేసింది. అదే కర్మాగారంలో పనిచేస్తున్న ఇద్దరు అక్కలను కలిసి వాళ్ళకు ఏం వస్తున్నదో తెలుసుకొంది. బెంగుళూరులో వచ్చిన మరో అవకాశాన్ని కూడా దీని పక్కన పెట్టి చూసింది. అక్కడ చేతికి 19,000 ఇస్తారు. అయితే హాస్టలుకు, తిండికి 7,500 పోతే మిగిలేది 11,500. ఇంటి నుంచి వెళ్ళివచ్చే హోసూరు ఉద్యోగమే మెరుగని తేలింది. చేతిలో ఇంకొక దారి ఉన్నదని తెలిసినవారి గొంతు వణకదు.

కంపెనీలో నియామకాలు చూసే అధికారితో సంభాషణ తమిళంలో జరిగింది. ఇంటికి వచ్చి ఆమె చెప్పినట్లుగా తెలుగులో వ్రాస్తున్నాను.

"జీతం సంగతి అడగవచ్చా సార్?"

"అడుగమ్మా. కాని డిప్లొమా వాళ్ళందరికీ ఒకటే. నీ ఒక్కదానికి పెంచితే మిగతావాళ్ళు ఊరుకోరు."

"అందరికీ ఒకటే అయితే పెంచమని అడగను సార్. కాగితంలో లేనివి మూడు ఉన్నాయి. శిక్షణ ఎన్ని నెలలు?"

"ఆరు నెలలు. పని చూసి ఖాయం చేస్తాం."

"ఖాయం చేశాక ఎంత పెరుగుతుంది?"

"మామూలుగా రెండు వేలు."

"ఆ ఆరు నెలలు, ఆ రెండు వేలు ఉత్తర్వులో వ్రాస్తారా సార్?"

ఆయన కొంచెం ఆలోచించి, "పైవాళ్ళను అడగాలి. రెండోది చెప్పు" అన్నాడట.

"రెండో షిఫ్టు రాత్రి పదిన్నరకు వదులుతారు. కంపెనీ బస్సు బస్టాండు దాకానే వస్తుందన్నారు. అక్కడి నుంచి మా ఊరు ఆరు కిలోమీటర్లు. ఆ వేళకు బస్సులు ఉండవు. మా ఊరి మలుపు దాకా వస్తేనే నేను ఆ షిఫ్టు చేయగలను."

"మూడోది?"

"సర్టిఫికెట్ల నకళ్ళు ఇస్తాను సార్. అసలువి చూసి అప్పుడే తిరిగి ఇచ్చేయాలి."

ఆయన నవ్వి, "ఇదంతా ఎవరు నేర్పారమ్మా?" అన్నాడట.

"మా మామయ్యకు తగిలిన దెబ్బ సార్" అన్నదట ఈ పిల్ల.

మూడు రోజులకు ఉత్తర్వు వచ్చింది. శిక్షణ ఆరు నెలలని వ్రాశారు. పెంపు రెండు వేలు కాదు, 1,500 అని వ్రాశారు. రాత్రి బస్సు మలుపు దాకా వస్తుందన్నారు. అడిగినవన్నీ దక్కలేదు. కాని దక్కినవి నోటి మాటగా కాక కాగితం మీద దక్కాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇంట్లో ఇబ్బందులున్నాయి, తమ్ముడి చదువు ఉంది అని ఆమె చెప్పుకోలేదు. అవి నిజమే అయినా, జీతం పనికి ఇచ్చేది, అవసరానికి కాదు. బెంగుళూరు వాళ్ళు ముప్పై వేలు ఇస్తామన్నారని కోతలూ కోయలేదు. అటువంటి అబద్ధాలు ఆడమని సలహా ఇచ్చేవారు ఉంటారు. నాకు అది నచ్చదు. అదీగాక ఒక ఊరి కర్మాగారాల్లో నియామకాలు చూసేవాళ్ళు ఒకరినొకరు ఎరిగినవాళ్ళే.

అందరికీ నెల జీతాలు ఉండవు కదా! సోలాపూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల స్త్రీలు ఎందరో బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ధర మంచిదే కావచ్చు. కాని బాగాలేవని కొన్ని కట్టలు పక్కన పెట్టేస్తే వాటికి కూలి రాదు. వెయ్యికి సరిపడా తునికాకు ఇవ్వకపోతే తక్కువైనది తామే కొనుక్కోవాలి. అందువల్ల ఇటువంటి పనుల్లో ధర ఒక్కటే అడిగితే చాలదు. సరుకు ఎంత ఇస్తారు, బాగాలేదని తేల్చేది ఎవరు, పక్కన పెట్టినవి ఎవరికి చెందుతాయి అనేవి కూడా మాట్లాడుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది చివరిలో ఒకేసారి ఇస్తామనే డబ్బు. 2000 తర్వాతి సంవత్సరాల్లో తమిళనాడు పడమటి జిల్లాల్లోని కొన్ని నూలు మిల్లుల్లో పేద ఇళ్ళ ఆడపిల్లలను 'సుమంగళి' అనే పేరు గల పథకం కింద చేర్చుకొనేవారు. మిల్లు హాస్టలులో ఉండి మూడేళ్ళు పనిచేస్తే పెళ్ళి ఖర్చుకు వేల రూపాయలు ఒక్కసారిగా ఇస్తామనేవారు. తల్లిదండ్రులకు ఆ మొత్తమే కనిపించేది. నెలనెలా చేతికి వచ్చేది స్వల్పం. దూది ధూళికి దగ్గు పట్టి, రెండున్నర ఏళ్ళకు ఇంటికి వచ్చిన పిల్లకు ఆ మొత్తం దక్కకపోయేది. "మధ్యలో మానితే ఏమవుతుంది?" అన్న ఒక్క ప్రశ్న చేరేముందు అడిగి, జవాబు వ్రాయించుకొని ఉంటే ఎందరో తల్లిదండ్రులు తమ పిల్లలను పంపేవారే కారు. మంగళకరమైన పేరు చూసి ఎవరూ అడగలేదు.

చట్టం మన పక్కన ఎంత వరకు ఉన్నదో తెలిసి ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం పనిలో చేరినవారికి నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం తరువాతి నెల 7వ తేదీలోగా ముట్టాలి. పని మానినవారికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో తేల్చాలి. ఒకే పనికి స్త్రీకి తక్కువ, పురుషుడికి ఎక్కువ ఇవ్వకూడదన్నది 1976 నుంచి ఉన్న చట్టమే. ఇప్పుడు అది వేతనాల స్మృతిలో చేరింది. కనీస వేతనం కన్నా తక్కువకు మనం ఒప్పుకొని సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. అంతకు పైన ఎంత అన్నది మాత్రం మాట్లాడుకొని తేల్చుకోవలసిందే.

మా మేనకోడలి నియామక ఉత్తర్వు వాళ్ళ అమ్మ ట్రంకుపెట్టెలో పొలం పట్టా కింద ఉంది. ఆరు నెలలు నిండిన మరునాడు దానిని తీసి, ఒక నకలు వేయించుకొని ఆమె పనికి వెళ్ళింది.

అభ్యాసం

1. "వాళ్ళు అబద్ధమాడలేదు" అని రచయిత ఎందుకు అన్నారు? మీ మాటల్లో వ్రాయండి.
2. నెలకు 20,000 రూపాయలు చేతికి 14,532 ఎలా అయ్యాయో లెక్క వేసి చూపండి.
3. మీ ఇంట్లో గాని, వీధిలో గాని పనికి వెళ్ళేవారిని ఒకరిని అడిగి, వారు పనిలో చేరేముందు ఏయే విషయాలు మాట్లాడుకొన్నారో, ఏవి మాట్లాడుకోలేదో పది వాక్యాల్లో వ్రాయండి.
4. ఒక బట్టల దుకాణంలో చేరబోతున్న మీరు, ఆ యజమాని - ఈ ఇద్దరి మధ్య జరిగే సంభాషణ వ్రాయండి. పని వేళలు, వారపు సెలవు, పండుగ రోజుల్లో అదనపు పని అందులో రావాలి.