ఓఆర్ఎస్ పొట్లం వెనుక డాక్టర్లు, పరిశోధకులు



నీళ్ల విరేచనాలు పట్టుకున్న మనిషి ప్రాణం తీసేది చాలాసార్లు రోగక్రిమి కాదు. ఒంట్లోని నీరు, ఉప్పు వెళ్లిపోవడమే. కలరా తీవ్రంగా ఉంటే పెద్దవాళ్లు గంటకు లీటరు దాకా నీరు పోగొట్టుకుంటారు. కళ్లు గుంటలు పడతాయి, గొంతు పీలగా అవుతుంది, పొట్ట మీది చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే ముడత అలాగే నిలుస్తుంది, నాడి చేతికందదు. వైద్యం దొరక్కపోతే అలాంటి రోగుల్లో సగం మంది దాకా పోతారు. తెలంగాణ పల్లెల్లో గత్తర (కలరా) వస్తే ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయని పాత తరంవాళ్లు చెప్పేవారు. ఆ చావుల్లో ఎక్కువ భాగాన్ని ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో ఆపవచ్చని వైద్యశాస్త్రం తేల్చుకోవడానికి నూట ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. వార్డులో డాక్టరుకు వచ్చిన ప్రశ్న ప్రయోగశాలకు చేరినప్పుడల్లా, ప్రయోగశాలలో తేలిన విషయం వార్డుకు చేరినప్పుడల్లా పని ముందుకు సాగింది. ఆ రాకపోకలు లేనప్పుడు ఏళ్లకు ఏళ్లు ఆగిపోయింది. వైద్యవిద్యలో అడుగుపెట్టే విద్యార్థి మొదట తెలుసుకోదగ్గ చరిత్ర ఇది.

1831లో ఇంగ్లండుకు కలరా చేరింది. విలియం ఓషాఘ్నెసీ అనే యువ ఐరిష్ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరూ లవణాలూ తగ్గిపోతున్నాయని చూపించాడు. మరుసటి ఏడాది స్కాట్లాండులోని లీత్‌లో థామస్ లాటా ఉప్పునీళ్లను నేరుగా రోగి నరంలోకి ఎక్కించాడు. కొనఊపిరితో ఉన్నవాళ్లు లేచి కూర్చున్నారు. కానీ విరేచనాలు ఆగకుండానే నీళ్లు ఎక్కించడం ఆపేసేవారు, ఆ నీళ్లూ శుభ్రమైనవి కావు. చాలామంది మళ్లీ కుప్పకూలారు. పద్ధతిని సరిదిద్దే బదులు వైద్యలోకం దాన్ని పక్కన పెట్టి, రక్తం తీయడం, భేదిమందులివ్వడం కొనసాగించింది. నీళ్లు లేక చస్తున్నవాడికి భేదిమందు! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ సెలైన్‌ను పద్ధతిగా వాడి మరణాలను బాగా తగ్గించాడు. అయినా సెలైన్‌కు శుభ్రమైన సీసా కావాలి, సూది కావాలి, నరం దొరకబుచ్చుకునే చెయ్యి కావాలి. కలరా వచ్చే ఊళ్లలో లేనివి సరిగ్గా ఈ మూడే.

మరి నోటి ద్వారా ఎందుకు ఇవ్వలేదు? కలరాలో పేగు లోపలి పొర ఊడిపోతుందని, తాగిన నీరు ఒంటికి పట్టదని పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. ఆ నమ్మకాన్ని కదిలించిన పనుల్లో ముఖ్యమైనది కలకత్తాలో జరిగింది. శంభునాథ్ డే అనే పరిశోధకుడు కుందేలు పేగులో చిన్న భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ ముక్కలోకి కలరా క్రిముల్ని ఎక్కించి చూశాడు. అది నీళ్లతో ఉబ్బింది. తర్వాత క్రిములు పెరిగిన ద్రవాన్ని వడపోసి, క్రిములు లేకుండా చేసి ఎక్కించాడు. అప్పుడూ ఉబ్బింది. అంటే నీళ్లు కారేలా చేస్తున్నది క్రిమి విడిచిన విషం. 1959లో డే ఈ సంగతి ప్రకటించాడు. పేగు పొర చెక్కుచెదరకుండా ఉంటుందని రోగుల పేగు నుంచి ముక్క తీసి చూసిన పరిశోధకులూ ఆ రోజుల్లోనే తేల్చారు. గొప్ప యంత్రాలేవీ లేకుండా, దారమూ సూదీ ఓపికతో జరిగిన పని డేది. ఆయన బతికుండగా స్వదేశంలో దక్కవలసిన గౌరవం దక్కలేదు. అది మన విద్యాసంస్థలన్నీ సిగ్గుపడవలసిన విషయం.

1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త ఇంకో ముక్క అందించాడు. చిన్నపేగు గోడలోని కణాల మీద సోడియం, గ్లూకోజు కలిసి లోపలికి వెళ్లే దారి ఒకటుంది. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులూ పడితేనే తెరుచుకున్నట్టు, ఈ రెండూ ఒకేసారి అందితేనే ఆ దారి పనిచేస్తుంది. అవి లోపలికి వెళ్తే నీరు వాటి వెంటే వెళ్తుంది. కలరా విషం ఈ దారిని మూయలేదు. క్రేన్ ఆలోచిస్తున్నది చక్కెర ఒంటికి ఎలా పడుతుందన్న ప్రశ్న గురించే, కలరా గురించి కాదు. రోగంతో సంబంధం లేనట్టు కనిపించే ఇలాంటి ప్రశ్నలకు కాలం, డబ్బు ఇవ్వడం దండగ అనేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయితే ప్రయోగశాలలో నిజమైంది వార్డులో అజాగ్రత్తగా వాడితే ప్రాణం తీస్తుంది. అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ 1962లో ఫిలిప్పీన్స్‌లో గ్లూకోజు, ఉప్పు కలిపిన ద్రావణాన్ని రోగులచేత తాగించాడు. మొదట్లో ఫలితం బాగుంది. తర్వాతి ప్రయోగంలో కొందరు రోగులు చనిపోయారు. ఆ దెబ్బతో ఆయన వెనక్కి తగ్గి, తర్వాత చాలాకాలం ఈ పద్ధతిని అనుమానంగానే చూశాడు.

ఢాకాలోని కలరా పరిశోధనాశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు యువ డాక్టర్లు లోపం ఎక్కడుందో పట్టుకున్నారు. వాళ్ల సాధనం కలరా మంచం. కాన్వాసు గుడ్డ మంచానికి మధ్యలో రంధ్రం, దాని కింద బకెట్టు. రోగి లేవనక్కర్లేదు, పోయిన నీళ్లన్నీ బకెట్లో పడతాయి, కొన్ని గంటలకోసారి కొలుస్తారు. ఎంత పోయిందో అంత ద్రావణం తాగించాలి. తక్కువా కూడదు, ఎక్కువా కూడదు. ఇంత చిన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడంలోనే విజయం ఉంది. 29 మంది రోగులతో చేసిన ఈ అధ్యయనం 1968లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సెలైన్ అవసరం ఐదింట నాలుగు వంతులు తగ్గింది. అదే కాలంలో కలకత్తాలోనూ ఇలాంటి పరిశోధనలు నడిచాయి. కానీ ఇవన్నీ మంచి ఆస్పత్రుల్లో, నర్సుల కనుసన్నల్లో జరిగినవి. బయట, జనసమ్మర్దంలో ఇది నడుస్తుందా అన్నది ఎవరూ చూడలేదు.

1971లో చూడక తప్పలేదు. తూర్పు పాకిస్తాన్ యుద్ధంతో కోటి మంది వరకు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. వానాకాలం, బురదలో శిబిరాలు, కలరా. దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు జూన్ నెలాఖరులో సరిహద్దు దగ్గరి బంగావ్ ఆస్పత్రికి చేరేసరికి కలరా రోగులకున్న రెండు గదుల్లో మంచాలు నిండి, నేలంతా మనుషులే. సెలైన్ ఎక్కించాలంటే విరేచనాల్లో, వాంతుల్లో మోకాళ్ల మీద కూర్చోవాలి. రెండు రోజులు గడిచేసరికి సెలైన్ నిల్వలు చాలవని స్పష్టమైపోయింది. నోటి ద్వారా ఇచ్చే ద్రావణం అంత పెద్ద ఎత్తున పనిచేస్తుందని అప్పటికి రుజువు లేదు. వేరే దారీ లేదు.

లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. అన్నీ బజారులో దొరికేవే. కలకత్తాలోని పరిశోధనా కేంద్రంలో, గ్రంథాలయం గదిలో కూర్చుని సిబ్బంది వీటిని తూచి ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అంటించేవారు. సంచులు బంగావ్ చేరేవి, అక్కడ పీపాల్లో నీళ్లు కలిపేవారు. రోగుల బంధువులు గిన్నెలతో పట్టుకెళ్లి తాగించేవారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. సెలైన్ మీద జనానికున్న నమ్మకం చూసి దీనికి ‘నోటి సెలైన్’ అని పేరుపెట్టడం ఆ బృందం చేసిన తెలివైన పని. నాడి పూర్తిగా పడిపోయినవాళ్లకు మాత్రం సెలైన్ మిగిల్చారు. సుమారు 3,700 మంది రోగుల్లో మరణాలు 3.6 శాతం. అంతకుముందు అక్కడ నూటికి ముప్ఫై మంది పోతున్నారు.

ఇందులో గమనించవలసింది ధైర్యం ఒక్కటే కాదు, లెక్క రాసిపెట్టడం. అంత గొడవలోనూ ఎవరికి ఏమిచ్చారు, ఎవరు బతికారు అన్నది నమోదు చేశారు కాబట్టే అది సాక్ష్యమైంది. అయినా వైద్యలోకం వెంటనే నమ్మలేదు. వ్యాసం అచ్చయింది 1973లో. ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేసే ధీమన్ బరువా స్వయంగా బంగావ్ వచ్చి చూసి, ఆ పద్ధతిని తన సంస్థలో భుజాన వేసుకున్నాడు. 1978 నాటికి లాన్సెట్ సంపాదకీయం దీన్ని ఆ శతాబ్దపు వైద్యంలో అతి ముఖ్యమైన ముందడుగు కాగలదని మెచ్చుకుంది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్ మరుసటి ఏడాది వచ్చింది.

ఓఆర్ఎస్ అనే ఈ మిశ్రమం పొట్లం ఊరిదాకా చేరని చోట ఏం చేయాలన్నది డాక్టర్లు తేల్చలేదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్ల పాటు ఇంటింటికీ ఆడకార్యకర్తల్ని పంపింది. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు. తల్లి తన చేతులతో కలిపి చూపించాలి. కొన్నాళ్లకు వేరొకరు వచ్చి ఆమెకు ఎంత గుర్తుందో పరీక్షిస్తారు. ఆ జవాబును బట్టి నేర్పిన కార్యకర్తకు డబ్బు. పాఠం చెప్పానన్నది లెక్కలోకి రాదు, ఎదుటివాళ్లకు వచ్చిందా అన్నదే లెక్క. కోటికి పైగా ఇళ్లకు ఇలా చేరింది.

పరిశోధన అక్కడితో ఆగిపోలేదు. పాత పొట్లంలో లవణాల గాఢత కాస్త ఎక్కువగా ఉందని పలు దేశాల్లో చేసిన అధ్యయనాలు చెప్పడంతో 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు మార్చింది. ఇప్పుడు లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు. తర్వాత జింకు మాత్రలు తోడయ్యాయి. జింకు ఇస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయని రుజువు చేసినవాళ్లలో ఢిల్లీ ఎయిమ్స్ పిల్లల డాక్టరు మహరాజ్ కిషన్ భాన్ ఒకరు.

ఈ భాన్ దగ్గరే కథ రెండో పాయ మొదలైంది. పసిపిల్లల విరేచనాలకు పెద్ద కారణం రోటావైరస్ అని తెలిసింది 1973లో, మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం జబ్బుపడిన పిల్లల పేగు ముక్కల్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు. 1980ల నడుమ ఎయిమ్స్‌లో పుట్టిన కొందరు పసికందులకు ఈ వైరస్ సోకింది, కానీ విరేచనాలు కాలేదు. మరో డాక్టరైతే సంతోషించి ఊరుకునేవాడు. భాన్ ఆ పిల్లల్ని వదలకుండా కనిపెట్టి చూశాడు. పెద్దయ్యే కొద్దీ వాళ్లకు తీవ్రమైన రోటావైరస్ జబ్బు తక్కువగా వచ్చింది. ఆ వైరస్‌కు 116ఇ అని పేరు. మనుషుల వైరస్‌లోకి పశువుల వైరస్ జన్యువు ఒకటి ప్రకృతిలోనే కలిసిన రకం అది.

దాన్ని టీకాగా మార్చడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, విదేశీ పరిశోధకులు, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కలిసి పనిచేశారు. జాప్యాన్ని తప్పుపట్టే ముందు ఒకటి తెలుసుకోవాలి: అమెరికాలో 1998లో వచ్చిన తొలి రోటావైరస్ టీకాను మరుసటి ఏడాదే ఉపసంహరించారు, కొందరు పిల్లల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోయే ప్రమాదం కనిపించడంతో. అందుకే ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద జాగ్రత్తగా పరీక్ష చేశారు. తీవ్రమైన జబ్బును టీకా సుమారు 55 శాతం ఆపింది. 2014లో అనుమతి వచ్చింది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో నోట్లో ఐదేసి చుక్కలు.

55 శాతం తక్కువగా అనిపించవచ్చు. సంపన్న దేశాల్లో రోటావైరస్ టీకాలు ఇంతకన్నా బాగా పనిచేస్తాయి. పేద దేశాల్లో ఏ కంపెనీ టీకా ప్రభావమైనా తగ్గుతుంది. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు, పేగుల్లోని ఇతర సూక్ష్మజీవులు, పోషకాహార లోపం కారణాలని అనుమానం. వెల్లూరులో గగన్‌దీప్ కాంగ్ బృందం ఏళ్లుగా పరిశోధించింది ఈ చిక్కునే. అయినా జబ్బు ఎక్కువగా ఉన్న చోట సగం ఆపినా దక్కే ప్రాణాలు ఎక్కువే.

ఓఆర్ఎస్ విషయంలో ఈమధ్య పని చేయవలసి వచ్చింది ప్రయోగశాలలో కాదు, మందుల దుకాణాల అరల మీద. పేరులో ఓఆర్ఎస్ అని ఉన్న తియ్యటి పానీయాలు చాలాకాలం అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర అసలు సూత్రం కన్నా అనేక రెట్లు ఎక్కువ, సోడియం తక్కువ. సోడియం తోడు దొరకని చక్కెర పేగులో మిగిలిపోయి నీటిని తనవైపు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. క్రేన్ చెప్పిన సూత్రం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, హైకోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం, పైన చెప్పిన నాలుగు పాళ్లు ఉన్నాయో లేదో చూడాలి. పెద్ద పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి.