రేటు కలిసింది సరే, బీట్లు కలిశాయా?

పేస్‌మేకర్ క్లినిక్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్లు మానిటర్‌లో 72, ప్రోగ్రామర్‌లోనూ 72 కనపడగానే ‘సెన్సింగ్ బాగుంది’ అని రాసేస్తుంటారు. ఈసీజీలో 200 బీట్లు ఉన్నాయనుకోండి. పరికరం నాలుగు వదిలేసి, లేనివి నాలుగు కలుపుకున్నా మొత్తం 200 అనే చూపిస్తుంది. తప్పులు ఎనిమిది, తేడా సున్నా! అందుకే వదిలేసినవి వేరుగా, అదనంగా ఎంచినవి వేరుగా రాసుకోవాలి.

ఒంటిమీద తీసిన ఈసీజీ, గుండె లోపలి లీడ్ సిగ్నల్, పరికరం తాను ఎంచిన ప్రతి బీట్‌కూ వేసే మార్కర్లు మూడూ ఒకే స్ట్రిప్ మీద తీయండి. సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంలో చిన్న గడి 40 మిల్లీసెకన్లు. రోగి సొంత క్యూఆర్‌ఎస్ ప్రతిదానికీ ఒక్క ‘వీఎస్’ (జఠరిక బీట్‌ను సెన్స్ చేశానన్న) మార్కరే పడాలి. రెండు పడి, వ్యవధులు ఒకటి పొట్టి ఒకటి పొడుగ్గా వస్తుంటే చాలాసార్లు టీ వేవ్‌నీ బీట్‌గా ఎంచుతోందన్నమాట. ఇలా రెండేసి ఎంచే ఐసీడీ (ప్రమాదకరమైన లయ వస్తే షాక్ ఇచ్చే పరికరం) ఉన్న మనిషి మెట్లెక్కితే గుండె 110 కొట్టుకుంటుంది, యంత్రం 220 అనుకుంటుంది, మెలకువగా ఉన్న మనిషికి షాక్ కొట్టొచ్చు. జఠరిక మార్కర్ల మధ్య 140 మిల్లీసెకన్ల కన్నా తక్కువ వ్యవధులు పదేపదే కనిపిస్తే అవి గుండెవి కావు. లీడ్‌నో, కనెక్షన్‌నో, బయటి కరెంటునో అనుమానించండి.

పడుకోబెట్టి తీసిన స్ట్రిప్‌తో సరిపెట్టకండి. “పెద్దాయనా, దండం పెట్టినట్టు అరచేతులు రెండూ కలిపి గట్టిగా నొక్కండి” అనండి. చెయ్యి పైకెత్తించండి. ఛాతీ కండరాల సిగ్నల్, దెబ్బతిన్న లీడ్ గోల అప్పుడు బయటపడతాయి. పేసింగ్ మీదే బతుకుతున్న రోగికి ఆ గోల వల్ల పేసింగ్ ఆగి కళ్లు తిరగొచ్చు. డాక్టర్ పక్కన లేకుండా ఈ పరీక్ష మొదలుపెట్టకండి.

సెన్సిటివిటీ అంకె దగ్గర అందరూ తికమకపడతారు. 2 మిల్లీవోల్టుల నుంచి 4కు పెంచితే చూపు పెరగదు, తగ్గుతుంది. పేస్‌మేకర్‌లో ఆర్ వేవ్ 6 ఉంటే సెట్టింగ్ 3 దాటకూడదు, కనీసం రెండింతల వెసులుబాటు ఉండాలి. ఐసీడీలో టీ వేవ్ బెడద తప్పించాలని ఆ అంకె పెంచితే, ప్రాణం మీదికొచ్చే ఫిబ్రిలేషన్‌లోని సన్నటి అలలు కూడా తప్పిపోవచ్చు. ఆ నిర్ణయం డాక్టర్‌దే. ఎన్ని బీట్లు చూశారు, ఎన్ని తప్పాయి, ఎన్ని అదనం, ఏ కదలికలో వచ్చాయి అన్నవి రాసి, ఆ స్ట్రిప్ జతచేసి ఆయన ముందు పెట్టండి.