మా బోరు నీళ్లు, మూడు రీడింగులు

ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్‌లో నేను రాసిన టైట్రేషన్ రీడింగులు ఇవి: 9.8, 9.8, 9.8. బ్యూరెట్ చూసి రాసింది మొదటిదొక్కటే. మిగతా రెండూ పెన్నులోంచి వచ్చాయి. మీలో కూడా చాలామంది ఇదే చేసుంటారు, దాచడమెందుకు? మార్కులొచ్చాయి, ఎవరూ ఏమీ అడగలేదు.

రెండేళ్ల తర్వాత మా నాయన అడిగాడు.

ఆళ్లగడ్డలో మా ఇంటి బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున సున్నం పడుతుంది. సబ్బు నురగ రాదు. ఒకరోజు ఎవరో సేల్స్ అబ్బాయి వచ్చి, గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి, అంకె చూపించి, ఇంటికంతటికీ మిషను పెట్టించుకోమన్నాడట. నాయన నాకు ఫోన్ చేసి, "నువ్వు కెమిస్ట్రీ సదివినావు గదా. మన నీళ్లలో సున్నం ఎంతుందో లెక్క చెప్పు, ఆ తర్వాత కొనేది చూద్దాం" అన్నాడు. రికార్డు నిండా టైట్రేషన్లు చేసిన నేను "కనుక్కుని చెప్తా నాయనా" అని ఫోన్ పెట్టేశాను.

ఆ కనుక్కోవడమే ఈ వ్యాసం. ఇందులో ఉన్నదంతా ఇంటర్ స్థాయి పనే. మన ఫస్టియర్ ల్యాబ్‌లో ఉన్న సామాను చాలు.

ఏం కొలవాలి?

టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి ఒక అంచనా చెబుతుంది. గ్లాసులో చిటికెడు ఉప్పు వేసినా ఆ అంకె పెరుగుతుంది. కానీ సబ్బును విరిచేది, గిన్నెకు పట్టేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. ఆ రెండింటి లెక్కే కాఠిన్యం. దాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని చెబుతారు.

మన దగ్గర నీళ్లలో సున్నం ఉండటం వింతేమీ కాదు. మన నేల కింది రాళ్ల పొరలకు భూగర్భ శాస్త్రంలో మన ఊర్ల పేర్లే ఉన్నాయి: కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాయిని కాల్షియం బైకార్బొనేట్‌గా కరిగిస్తుంది. బెలుం గుహలు తయారైంది ఇట్లాగే.

సీసా నుంచే ప్రయోగం మొదలు

పండగ సెలవులకు ఊరికి పోయినప్పుడు బోరు పది నిమిషాలు వదిలేశాను. పైపులో నిలవున్న నీళ్లు కాకుండా కింది నీళ్లు రావాలి కదా. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నిండా పట్టి, మూత బిగించాను. మర్నాడు పొద్దున బస్సెక్కి నంద్యాల వచ్చి, సార్ పర్మిషన్ తీసుకుని సాయంత్రం ల్యాబ్‌లో కూర్చున్నాను.

తప్పు జరిగే నాలుగు చోట్లు

ఒకటి, తొలవడం. బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతో, పిపెట్‌ను తీయబోయే నీళ్లతో తొలవాలి. శంకాకార కుప్పెను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. కుప్పెను కూడా బోరు నీళ్లతో తొలిచి అడుగున 1 మి.లీ. మిగిల్చామనుకోండి. 20 మి.లీ. అనుకున్నది 21 అవుతుంది, జవాబులో 5 శాతం తప్పు వస్తుంది. డిస్టిల్డ్ వాటర్ మిగిలితే ఫర్వాలేదు. అందులో కాల్షియం లేదు, లెక్క మారదు.

రెండు, గాలి బుడగ. బ్యూరెట్ కొళాయి కింద సన్నటి మూతిలో బుడగ ఉంటే టైట్రేషన్ మధ్యలో అది బయటికి పోతుంది. అది 0.5 మి.లీ. అయితే, కుప్పెలో పడని ద్రావణం కూడా మన లెక్కలో చేరుతుంది.

మూడు, కంటి మట్టం. రంగు లేని ద్రావణానికి కింది వంపు చూడాలి. పర్మాంగనేట్ లాంటి ముదురు రంగుకు కింది వంపు కనబడదు కాబట్టి పై అంచు చూడాలి. ఏది చూసినా కన్ను ఆ గీతకు సమానంగా ఉండాలి. స్టూలు మీదున్న బ్యూరెట్‌ను కింద నిలబడి చదివితే అంకె మారిపోతుంది.

నాలుగు, పిపెట్ చివరి చుక్క. దాన్ని ఊదకూడదు. ఆ చుక్క లోపలే ఉండిపోతుందని లెక్కేసే పిపెట్ మీద గీత పెట్టారు. మూతిని కుప్పె గోడకు ఒకసారి తాకిస్తే చాలు.

లేబుల్‌ను నమ్మొద్దు

ఈడీటీఏ సీసా మీద 0.01 మోలార్ అని రాసుంది. నేను అదే వేసుకుని లెక్క మొదలుపెట్టబోతే ల్యాబ్‌లో సార్ ఆపి, "ఆ సంగతి నీకెట్లా తెలుసు?" అన్నారు. అందుకని ముందు 1 గ్రాము కాల్షియం కార్బొనేట్‌ను కొద్దిపాటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి 1 లీటరుకు చేశాను. ఇది సరిగ్గా 0.01 మోలార్. దీంట్లో 20 మి.లీ.కి ఈడీటీఏ 19.6 మి.లీ. పట్టింది. అంటే అసలు గాఢత 0.01 × 20 ÷ 19.6 = 0.0102 మోలార్.

బోరు నీళ్ల లెక్క

20 మి.లీ. బోరు నీళ్లు, పీహెచ్ 10 ఉండేలా అమ్మోనియా బఫర్, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. ద్రాక్షరసం లాంటి ఎరుపు పోయి నీలం రావాలి. చివర్లో రంగు నెమ్మదిగా మారుతుంది కాబట్టి చుక్క చుక్కకూ ఆగి చూడాలి. మొదటిసారి తొందరపడి దాటేశాను, 9.9 వచ్చింది. తర్వాత 9.4. మళ్లీ 9.4. ఆ 9.9ని రికార్డులోంచి కొట్టేయలేదు, పక్కన "దాటింది" అని రాశాను.

సూత్రం బట్టీ పట్టక్కర్లేదు, మోల్స్‌తో నడిస్తే చాలు.

పట్టిన ఈడీటీఏ: 0.0102 × 9.4 = 0.0959 మిల్లీమోల్.
ఒక అయానుకు ఒక ఈడీటీఏ, కాబట్టి కాల్షియం, మెగ్నీషియం కలిపి కూడా అంతే.
కాల్షియం కార్బొనేట్‌గా: 0.0959 × 100 = 9.59 మి.గ్రా.
ఇది 20 మి.లీ.లో ఉన్నది. లీటరుకు 50 రెట్లు: సుమారు 480 మి.గ్రా.

479.5 అని రాయొచ్చు కదా అంటారేమో. ఒక చుక్క దాదాపు 0.05 మి.లీ., అంటే లీటరుకు 2.5 మి.గ్రా. తేడా. చుక్కకే అంత తేడా ఉంటే దశాంశం రాయడం గొప్ప చెప్పుకోవడమే. లేబుల్‌ను నమ్మి ఉంటే 470 వచ్చేది. బుడగ పోయి ఉంటే ఇంకో 25 కలిసేది.

తర్వాత 250 మి.లీ. బోరు నీళ్లు అరగంట కాచి, చల్లార్చి, వడపోసి, ఆవిరైన మేర డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ 250కి నింపాను. ఈసారి రెండుసార్లూ 5.1 వచ్చింది, అంటే 260. తగ్గిన 220 తాత్కాలిక కాఠిన్యం. బెలుంలో రాయిని కరిగించిన చర్య గిన్నెలో వెనక్కి నడిచి సున్నంగా అడుగున పడిందన్నమాట.

నాయనకు చెప్పిన జవాబు

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 కాఠిన్యానికి లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం అంటుంది. వేరే నీటి వసతి లేకపోతే 600 వరకు అనుమతిస్తుంది. మావి 480. కఠినమే, కానీ హద్దు దాటలేదు. ఇది ఒక్క బోరు, ఒక్క రోజు లెక్క. ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మజీవుల గురించి ఈ పరీక్ష ఒక్క మాట కూడా చెప్పదు. అదీ నాయనకు చెప్పాను.

"మిషను ఇప్పుడే వద్దులే" అన్నాడు. పక్కనుంచి జేజి, "ఆ నీళ్లకు కందిపప్పు ఉడకదని నేను ఎప్పుడో సెప్తి గదా" అంది. నిజమే. కాల్షియం పప్పులోని పెక్టిన్‌ను పట్టుకుని బిగిస్తుంది. కాచి, తేర్చిన నీళ్లు పోసి చూడమన్నాను. జేజి పరీక్షకు బ్యూరెట్ అక్కర్లేదు, కానీ ఆమె ఏనాడూ ఉడకని పప్పును ఉడికిందని చెప్పలేదు. నేను రికార్డులో చేసింది అదే.

నాయన చివర్లో ఒకటే అడిగాడు: "ఈ లెక్క ఖాయమేనా?"

"రెండుసార్లు 9.4 వచ్చింది నాయనా, నేను చూసినా" అన్నాను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఆ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఈసారి ఊరికి పోయినప్పుడు మీరూ ఒక సీసా నీళ్లు తెచ్చుకోండి.